తాబేళ్ళ జంటకు కాపురం పెట్టించే విధానం

ఇంట్లో ఒంటి తాబేలు ఉండకూడదు. వాస్తుకి మంచిదని తెచ్చుకున్న నక్షత్ర తాబేలు సోఫా కింద ఒక్కతే కూర్చుంటే మీకు అన్నం ఎలా దిగుతుంది? అడవిలో అది చాలావరకు ఒంటరిగానే తిరుగుతుందనీ, తోడు లేదన్న దిగులు దానికి ఉండదనీ తాబేళ్ళ సంగతి తెలిసినవాళ్ళు అంటారు. వాళ్ళ మాట పట్టించుకోకండి. ఒక్క సంబంధమైనా కుదిర్చిన మనుషులు కారు వాళ్ళు.

ముందు అగ్గిపెట్టెంత పిల్లలు రెండు కొనండి. ఒకటి మగ, ఒకటి ఆడ అని అమ్మేవాడు ఒట్టేసి చెబుతాడు. నిజానికి ఆ సైజులో చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. మగదాని తోక పొడుగనీ, పొట్ట కింది చిప్ప కాస్త గుంటపడి ఉంటుందనీ, ఆడది మగదానికన్నా బాగా పెద్దదవుతుందనీ తేలడానికి ఏళ్ళు పడుతుంది. తీరా రెండూ మగవే అని తేలితే డిప్పలతో కుమ్ముకుని వెల్లకిలా పడేసుకుంటాయి. అన్నదమ్ములన్నాక మామూలే. వెల్లకిలా పడ్డది ఎండలో అలాగే ఉండిపోతే చచ్చిపోవచ్చు కనుక, ఆ కుమ్ములాటేదో నీడపట్టున జరిగేట్టు చూడండి.

కాపురానికి బాల్కనీలో వాషింగ్ మెషీన్ పక్కన మూడడుగుల జాగా చాలు. మధ్యలో అడ్డుగా రాయి గానీ, దాక్కోవడానికి పొద గానీ పెట్టొద్దు. ఆలుమగల మధ్య చాటెందుకు?

ఇక మగది వెంటపడుతుంది. ఆడదాని చుట్టూ తిరిగి, డిప్పతో టక్ టక్‌మని ఢీకొట్టి, వెనకనుంచి ఎక్కి మూలుగుతుంది. దిగి, మళ్ళీ మొదలెడుతుంది. ఆడది కొన్నాళ్ళకి తిండి మానేసి, తలా కాళ్ళూ లోపలికి లాక్కుని, గోడవైపు తిరిగి కూర్చుంటుంది. అది సిగ్గు. వెనక చిప్ప అరిగి, కాళ్ళ దగ్గర పుండు పడితే పసుపు రాసి, మన ఆడపిల్లలకి చెప్పే మాటే దానికీ చెప్పండి: “సర్దుకుపో తల్లీ, నాలుగు గుడ్లు పెట్టావంటే అతనే మారతాడు.”

పశువుల డాక్టరు దగ్గరికి మాత్రం వెళ్ళకండి. రెండిటినీ విడిగా ఉంచమంటాడు. అది కుదరకపోతే, చోటు బాగా ఉన్న దొడ్డిలో ఒక మగదానికి రెండు మూడు ఆడవి ఉంటే ఒక్కదాని ప్రాణం మీదికి రాదంటాడు. పరువుగల కొంపలో రెండో సంబంధమా! పైగా ఒకసారి కలిశాక ఆడ తాబేలు మగదాని వీర్యాన్ని ఒంట్లో చాలాకాలం దాచుకోగలదు. మగదాన్ని పంపేశాక కూడా పిల్లలయ్యే గుడ్లు పెడుతుంది. ఇక విడాకులిప్పించి ఏం లాభం?

ఆడది వెనక కాళ్ళతో టైల్స్ గీకుతుంటే మురిసిపోండి, ఇల్లు సర్దుకుంటోంది పాపం. గుంట తవ్వి గుడ్లు పెట్టడానికి మట్టి వెతుక్కుంటోందని డాక్టరు అంటాడు. చోటు దొరక్క గుడ్లు కడుపులోనే నిలిచిపోతే బతకదని కూడా బెదిరిస్తాడు. బాల్కనీలో మట్టి పోస్తే తుడిచేది ఆయనా?

చట్టం సంగతి కూడా చెప్పేస్తాను. నక్షత్ర తాబేలుని ఇంట్లో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. 2022 సవరణతో దాన్ని పులితోపాటు మొదటి షెడ్యూల్లో కూర్చోబెట్టారు. జైలు కనీసం 3 ఏళ్ళు, 7 ఏళ్ళ దాకా పడొచ్చు, జరిమానా వేరే. అటవీ శాఖవాళ్ళు తలుపు తడితే కంగారు పడకుండా, శ్రీకూర్మం గుడిలో లేవా అని ఎదురు ప్రశ్న వెయ్యండి. అయినా వాళ్ళు ఊరుకోరు. తాబేళ్ళని పట్టుకుపోతారు, మిమ్మల్ని కూడా. జీపెక్కేముందు ఆ రెండిటినీ ఒకే సంచిలో వెయ్యమని గట్టిగా చెప్పండి.