టాలరెన్సు మామ

శ్రీసిటీలో ఏ ఫ్యాక్టరీకెళ్లినా షిఫ్టుకొక టాలరెన్సు మామ ఉంటాడు. మా వాటాకొచ్చినాయన క్వాలిటీ విభాగం. పార్టు అర మిల్లీమీటరు తేడా వస్తే లాటంతా వెనక్కి పంపేస్తాడు. షుగరు దగ్గర మాత్రం అంతటి దయామయుడు సత్యవేడు నుంచి తడ దాకా వెతికినా దొరకడు.

ఆయన్ననీ ఏం లాభం? 2016లో క్యాడ్‌బరీ చాక్లెట్ల మోండెలేజ్ ఫ్యాక్టరీ తెరిచింది ఇక్కడే. ఒక పక్క తిరుపతి లడ్డూ, ఇంకో పక్క చిత్తూరు బెల్లం. మధ్యలో ఒక్క క్లోమం ఏం చేస్తుంది పాపం!

డాక్టరమ్మ మాటలన్నీ మామకు కంఠతా వచ్చు. తీపి ఖాళీ కడుపున వద్దు, భోజనం చివర చిన్న ముక్కైతే షుగరు నిదానంగా ఎక్కుతుంది, తిన్నాక పది నిమిషాలు నడవాలి. అందుకే క్యాంటీన్లో సాంబారన్నం ముగించాకే డబ్బా మూత తీస్తాడు. చెనిక్కాయల ఉండలు.

"చెనిక్కాయల్లో ప్రొటీనుంది అబ్బోడా, బెల్లాన్ని పట్టి ఆపతాది."

"బెల్లంలో ఉండేదీ చక్కెరే కదా మామా?"

"మన చిత్తూరు బెల్లాన్ని అంత మాటంటావా!"

ఉండకు పది నిమిషాల నడక లెక్క. నాలుగు ఉండలకు నలభై నిమిషాల బాకీ, రిటైరయ్యాక తీరుస్తాడట. లడ్డూకైతే లెక్కే లేదు. 2009లోనే భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న ప్రసాదానికి మళ్లీ డాక్టరు చీటీ ఏమిటి!

గ్లూకోమీటరు పరీక్ష చూసి తీరాలి. ఎడమ ఉంగరం వేలు గుచ్చి, బొట్టు స్ట్రిప్పుకు అంటించి, కళ్లజోడు నుదుటి మీదికి నెడతాడు. 214. స్ట్రిప్పుల డబ్బా తిప్పి ఎక్స్‌పైరీ తేదీ చదువుతాడు. చేతులు కడుక్కొచ్చి కుడి వేలు. 198. "తగ్గతా ఉంది చూడు!" డైరీకెక్కేది రెండోదే, మొదటి శాంపిల్ రిజెక్టు. తీపి అంటిన వేలితో చూస్తే అంకె పెరిగే మాట నిజమే. అసలు అదెందుకు అంటిందో అత్త అడగాలి.

రక్తపరీక్షంటే మూడు రోజుల ముందు నుంచే కొర్రన్నం, కాకరకాయ. ఈసారి డాక్టరమ్మ హెచ్‌బీఏ1సీ రాసింది. ఎర్ర రక్తకణాలు దాదాపు 120 రోజులు బతుకుతాయి, వాటికి అంటుకున్న చక్కెరను బట్టి మూడు నెలల సగటు బయటపడుతుందని చెప్పాను. మామ నన్ను వరండాలోకి లాక్కెళ్లి గొంతు తగ్గించాడు.

"అబ్బోడా, నైట్ షిఫ్టువి కూడా అందులో వస్తాయా?"

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది.

"నైట్ షిఫ్టులో ఏంది తింటా ఉండేది?"