బీరువా తాళం నా జేబులో

పిల్లల చేతికి గాజు సామాను ఇవ్వకపోతే వాళ్లు క్షేమంగా ఉంటారని చాలా ఏళ్లు నమ్మాను. మొయినాబాద్ మండలంలోని ఒక సర్కారు హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ టీచర్‌గా చేరినప్పుడు నాకు మొట్టమొదట అప్పజెప్పింది స్టాక్ రిజిస్టర్‌ని. పాత సారు పేజీలు తిప్పుతూ చదివారు, నేను బీరువాలో చూసి టిక్కు పెట్టుకుంటూ పోయాను. బీకర్లు, శంఖాకార కుప్పెలు, కొలపాత్రలు, పరీక్షనాళికలు, బ్యూరెట్లు, మూతి విరిగిన పిప్పెట్ ఒకటి. ఆ విరిగినదాని లెక్క ఎవరి మీద రాయాలన్న దగ్గర ఇద్దరం చాలాసేపు ఆగాం. సంతకం అయ్యాక తాళంచెవి జేబులో వేసుకున్నాను. ఆ తర్వాత అది బయటికి వచ్చింది తక్కువ.

పదో తరగతి ఆమ్లాల పాఠంలో ఒక ప్రయోగం ఉంది. జింకు ముక్కల మీద సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసి, వచ్చిన వాయువును సబ్బు నీళ్లలోకి పంపి, లేచిన బుడగ దగ్గర వెలిగించిన కొవ్వొత్తి పెడితే టప్‌మని పేలుతుంది. ఆ టప్ శబ్దం నా దగ్గర చదివిన పిల్లలు వినలేదు. నేను బోర్డు మీద బొమ్మ గీశాను, వాళ్లు నోట్సులో దించుకున్నారు, పరీక్షలో భాగాలు గుర్తించి మార్కులు తెచ్చుకున్నారు. నాకూ తృప్తిగానే ఉండేది.

ఈ పద్ధతికి చట్టం కూడా తోడొచ్చిందనుకున్నాను. ఆమ్ల దాడుల కేసులో సుప్రీంకోర్టు 2013 జూలై 18న ఇచ్చిన ఉత్తర్వుల్లో విద్యాసంస్థల మాట ఉంది. ఆమ్లం ఎంత వాడారో రిజిస్టర్ రాసి సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్‌కు, అంటే మా వైపు ఆర్డీఓకు, పంపాలి. ఆమ్లానికి జవాబుదారీగా ఒక మనిషి ఉండాలి. ల్యాబ్ నుంచి బయటికి వచ్చే పిల్లల్ని తనిఖీ చేయాలి. పిల్లలు ల్యాబ్‌లోకి వస్తారు, ఆమ్లం వాడతారు అన్న లెక్కతోనే ఆ ఉత్తర్వు రాశారు. నేను దాన్ని తలుపు మూసుకోవడానికి దొరికిన అనుమతిగా చదువుకున్నాను.

ఒక ఏడు ఫిబ్రవరి 28, సైన్స్ దినోత్సవానికి అతిథులు వస్తున్నారంటే బీరువా తీశాను. మైలుతుత్తం పలుకులు వేడిచేయడం తేలిక కదా అని అదే ఎంచుకున్నాను. నీలం పలుకులు వేడికి తెల్లబడతాయి, చల్లారాక రెండు చుక్కల నీళ్లు వేస్తే మళ్లీ నీలమవుతాయి. పలుకులో ఉన్న నీరే ఆవిరై లేస్తుంది, చల్లగా ఉన్న నాళిక పైభాగంలో చుక్కలు కడుతుంది. నాళికను నిలువుగా పట్టుకుంటే ఆ చుక్కలు జారి, కాలిపోతున్న అడుగు మీద పడతాయి. అందుకే మూతి కాస్త కిందికి వంచి పట్టుకోవాలి. నాకు తెలుసు. ఆ పని అప్పజెప్పిన కుర్రాడికి చెప్పలేదు. వాడు పట్టుకారు చేతబట్టడం అదే మొదలు. నాళికను నిటారుగా, వత్తికి తగిలేంత దగ్గరగా పెట్టాడు.

టిక్కుమంది, అడుగు ఊడిపడింది. వాడు ఉలిక్కిపడి చేయి విదిలిస్తే సారాదీపం దొర్లింది. స్పిరిట్ బల్ల మీద పారింది, దాని వెంట మంట పాకింది. పగటి వెలుగులో స్పిరిట్ మంట సరిగా కనబడదు, బల్ల అంచు నుంచి కిందికి కారినప్పుడు గాని అదెక్కడిదాకా పోయిందో నాకు తెలియలేదు. గదిలో ఇసుక బకెట్ లేదు. సింకు ఉంది, నల్లాలో నీళ్లు లేవు. నేను నిలబడిపోయాను. గుమ్మం దగ్గర కాళ్లు తుడుచుకునే తడి గోనెపట్టాను ఒక అమ్మాయి లాక్కొచ్చి మంట మీద కప్పేసింది.

కుర్రాడి మణికట్టు కమిలింది. ఎవరో సిరా రాయమన్నారు. నేను జేబులోంచి పెన్ను తీశాను. కాలినచోట వెంటనే చల్లటి నీళ్లు ధారగా, ఇరవై నిమిషాల దాకా పోయాలని తెలిసినవాణ్ణి, పెన్ను మూత విప్పుతున్నాను. "ముందు నీళ్లు, సార్" అని ఆ అమ్మాయే వాణ్ణి బోరింగు దగ్గరికి తీసుకుపోయింది. గాయం చిన్నదే, మానిపోయింది. కళ్లలోకి గాజు పెంకు ఎగిరి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలుచుకుంటాను. మా దగ్గర ఒక్క కళ్లజోడూ లేదు. బున్సెన్ బర్నర్ బొమ్మ ప్రతి ఏడూ గీయించాను గాని, 1843లో పేలుడు జరిగి ఆ బున్సెన్‌కే కుడికన్ను చూపు పోయిందని ఏ తరగతిలోనూ చెప్పలేదు.

సాయంత్రం పెంకులు ఏరుతుంటే చూశాను, అది మామూలు సోడా గాజు. వేడికి అది సాగే తీరు బోరోసిలికేట్ గాజు కన్నా దాదాపు మూడింతలు. ఒకచోట కాగి ఒకచోట చల్లబడితే అలాంటి గాజు తట్టుకోలేదు. రిజిస్టర్లో నాళికల లెక్క తప్పు లేకుండా ఉంది. ఏ గాజో ఎవరూ రాయలేదు, నేనూ అడగలేదు.

మర్నాడు ఆ కుర్రాడి నాయిన వచ్చాడు. చేవెళ్ల దగ్గరి ఊరు, గులాబీ తోటల్లో పని. గొడవ పెడతాడనుకున్నాను. కుర్చీ వేస్తే కూర్చోలేదు. "ఏం వేడిచేసిండ్రు సారూ?" అన్నాడు. కాపర్ సల్ఫేట్ అన్నాను. "గది మైలుతుత్తమే గద!" అన్నాడు. వయసులో ఉన్నప్పుడు ద్రాక్షతోటలో పనిచేశాడట. హైదరాబాద్ చుట్టూ అనాబ్-ఎ-షాహీ తోటలు ఉన్న కాలం. "సున్నపు నీళ్లల్ల తుత్తం నీళ్లు మెల్లగ పోస్తం సారూ, తిర్లమర్ల పొయ్యం. ఇనుప డ్రమ్ముల కలపం. కలిపినంక కొడవలి ముంచి చూస్తం. ఎర్రగైతే ఇంక సున్నం పడాలె, లేకుంటె ఆకు మాడుతది. మావోనికి గీ ముచ్చట చెప్పలేదా మీరు?"

అది బోర్డో మిశ్రమం. ఫ్రాన్సు ద్రాక్షతోటల కోసం మిల్లార్డే 1885లో లోకానికి చెప్పిన మందు. కొడవలికి ఎర్రగా అంటేది రాగి. ఇనుము రాగిని ద్రావణంలోంచి తోసేసే ఆ చర్యనే నేను స్థానభ్రంశం అని బోర్డు మీద సమీకరణంగా రాస్తాను. ఏది దేంట్లో పోయాలి, ఏ పాత్రలో పోయాలి, పోశాక ఎలా పరీక్షించాలి అన్న మూడూ ఆయన చేతికి వచ్చు. ఆయన కొడుకు మూడేళ్లు నా తరగతిలో కూర్చున్నాడు, వాడికి ఒక్కటీ రాదు.

ఏది దేంట్లో పోయాలన్న మాట నేనూ చెప్పాను, డిక్టేషన్‌గా. "ఆమ్లాన్ని నీటికి కలపాలి, నీటిని ఆమ్లానికి కలపరాదు." ఎందుకో చెప్పలేదు. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం నీటి కన్నా 1.84 రెట్లు బరువు. దాని మీద నీళ్లు పోస్తే నీళ్లు పైనే ఉండిపోతాయి, కలిసినచోట పుట్టిన వేడికి అక్కడికక్కడే మరిగి ఆమ్లంతో సహా మొహం మీదికి చిమ్ముతాయి. నీళ్లలోకి ఆమ్లం సన్నటి ధారగా పోస్తూ కలియబెడితే వేడి నీళ్లంతటికీ పంచుకుపోతుంది. బాగా పలచగా కలుపుతూ బీకరు బయటి గోడను పిల్లల్ని తాకమంటే చాలు. ఆ గోరువెచ్చదనం తెలిశాక ఇంకెవడూ తిరగేసి పోయడు.

నా తెలివితక్కువతనంలో ఇంకొకటీ ఉంది. సైన్స్ దినోత్సవం నాడు మిగిలిన తుత్తం నీళ్లు, ఆమ్లం అన్నీ గోడ వెనక పారబోయించాను. గండిపేట, హిమాయత్‌సాగర్ చెరువులను కాపాడాలని 1996లో 111 జీవో తెచ్చి, చుట్టూ పది కిలోమీటర్ల లోపల కాలుష్య పరిశ్రమలు వద్దన్న నేల ఇది. రాగి చేపలకు విషం. ఆ జీవో గురించి స్టాఫ్ రూంలో భూముల ధరల చర్చే తప్ప ఈ సంగతి మాకెప్పుడూ తట్టలేదు.

ఇప్పుడు బీరువా తెరిచే ఉంటుంది. కళ్లజోళ్లు దాతల్ని అడిగి తెచ్చాం, ఇసుక బకెట్ తలుపు పక్కన పెట్టాం, నల్లాకు పైపు వేయించే దాకా రెండు బిందెల నీళ్లు నింపి ఉంచుతున్నాం. ఎనిమిదో తరగతి పిల్లలు మొదట నేర్చుకునేది సారాదీపం. వెలుగుతుండగా స్పిరిట్ పోయకూడదు, ఒక దీపంతో ఇంకో దీపం వెలిగించకూడదు, ఊది ఆర్పకుండా మూత పెట్టి ఆర్పాలి. ఒక్కొక్కరూ నా ముందు చేసి చూపిస్తారు. నాళికలు పగులుతూనే ఉన్నాయి, పగిలినవాటికి రిజిస్టర్లో నా సంతకం ఉంటుంది.

పురుగుమందు డబ్బా కూడా ఒకటి తెచ్చి బల్ల మీద పెడతాను, ఖాళీ చేసి కడిగింది. దాని మీది వజ్రాకారపు గుర్తులో కింది సగం ఎరుపైతే అన్నిటికన్నా తీవ్రమైన విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. చేవెళ్ల చుట్టూ టమాట, గులాబీ తోటల్లో మందు కొట్టేవాళ్లలో నా పాత విద్యార్థులు కనబడుతుంటారు. చేతికి తొడుగు ఉండదు, ముక్కుకు గుడ్డ ఉండదు. బండి ఆపి ఈ రంగుల సంగతి చెబుతున్నాను. కొందరు వింటారు. కొందరు "బడిల చెప్పలేదు గద సార్" అంటారు, నిజమే.