సిఫారసు చీటీలు

పింఛను పుచ్చుకొనువానికి కెమెరా కొనిపెట్టిన బంధువులు ఆ పాపఫలమును తామే అనుభవింపవలెను. రెవెన్యూ శాఖలో గుమాస్తాగా జీవితమంతయు దస్త్రముల నడుమ గడపి, సర్వీసు ముగిసిన పిమ్మట మనుబోలు చేరి, తెల్లవారకమునుపే చెరువుకట్టపై కొంగలకు కాపు కాయుచున్న మా బావమరిది విషయమున ఆ ఫలము నాకు సంపూర్ణముగా దక్కినది.

రాజా దీన్‌దయాళ్ (1844–1905) నిజాము కొలువున గాజుపలకలపై తీసిన ఛాయాచిత్రములను ఏదో పుస్తకమున చూచినది మొదలు, గాంభీర్యమునకు నలుపు తెలుపులే తగునని అతనికి దృఢవిశ్వాసము. కావున కెమెరాను మోనోక్రోములో నుంచి, నిపుణులెల్ల రా ఫైలునే తీయుదురని విన్నవాడగుటచే తానును అట్లే తీసి, ఇంటికి వచ్చి, ఉచితముగా దొరకు ఒక సాఫ్ట్‌వేరులో ఆ కొంగను తెరచెను. బొమ్మ తొలుత గంభీరముగనే కనబడినది. రెప్పపాటులో చెరువు పచ్చబడి, కొంగ ముక్కు పసుపెక్కి, వెనుక గట్టుపై ఎవరో ఆరవేసిన గులాబిరంగు లుంగీ ధగధగ మెరిసినది.

"ఏంది బావా ఇది! నేను తీసింది ఇది కాదే!"

తీసినది అదియే. సెన్సరెరిగినది వెలుతురు మాత్రమే. కోడాక్ సంస్థకు చెందిన బ్రైస్ బేయర్ 1976లో పేటెంటు పొందిన ఎరుపు, ఆకుపచ్చ, నీలి గళ్ళ అమరిక క్రింద, ఏ గడిలో ఎంత వెలుగు పడినదో ఆ లెక్కను, 14 బిట్ల కెమెరా అయినచో 16,384 అంతస్తులలో, రా ఫైలు వ్రాసిపెట్టుకొనును; జేపెగ్‌కు ఒక్కొక్క రంగున 256తోనే సరి. అపెర్చరు, షట్టరు, ఐఎస్ఓ ఆ లెక్కను మార్చగలవు. మోనోక్రోము, కాంట్రాస్టు, షార్ప్‌నెస్, వైట్ బ్యాలెన్సు మొదలగునవి ఫైలునకు గుచ్చిన సిఫారసు చీటీలు. తొలుత కనబడిన నలుపు తెలుపు బొమ్మ, కెమెరా ఆ చీటీల ప్రకారము సిద్ధపరచి ఫైలులోనే ఇమిడ్చిన జేపెగ్.

నికాన్ వారి ఎన్ఎక్స్ స్టూడియో, కెనాన్ వారి డిజిటల్ ఫోటో ప్రొఫెషనల్ తమ ఇంటి కెమెరా చీటీలను శిరసావహించును. పరాయి సాఫ్ట్‌వేరులు సాధారణముగా వైట్ బ్యాలెన్సు పంక్తిని మన్నించి, తక్కినవానిలో పెక్కింటిని చూచియు చూడనట్లుండును. లైట్‌రూమ్ క్లాసిక్ 2020లో కెమెరా సెట్టింగుల ననుసరించు వెసులుబాటు కల్పించినది గాని, దానిని కోరి ఎంచుకొనవలసినది మనమే. ఇదంతయు విని మా బావమరిది, "తెలిసిందిలే. పై ఆఫీసులో మనోడుంటే పనవుద్ది, లేకుంటే లేదు," అన్నాడు. ఇంతకంటె స్పష్టముగా ఏ కంపెనీ కరపత్రమును చెప్పలేదు.

చీటీలు నిరపాయములని కాదు. కెమెరా తెరయు, హిస్టోగ్రామును, మితిమీరిన తెలుపును హెచ్చరించు మిణుకులును జేపెగ్ నాధారము చేసికొనియే పలుకును గనుక, కాంట్రాస్టు పెంచుకొన్నవాని తెరపై, రా ఫైలులో ఈకలన్నియు పదిలముగా నుండగనే, కొంగ రెక్కలు ఆర్తనాదము చేయును. ఆ మిణుకులకు జడిసి మావాడు ఎక్స్‌పోజరు తగ్గించి తగ్గించి మనుబోలు కొంగలన్నిటిని కాకులను చేసినాడు. మరల వెలిగింపబోగా నీడలనిండ నాయిసు బయల్పడినది.

చీటీ కానిది ఇంకొకటి కలదు. రాత్రి నెల్లూరు–గూడూరుల నడుమ జాతీయ రహదారి ప్రక్కన స్టాండు నిలిపి, లారీల దీపములు గీతలుగా సాగవలెనని అతడు 30 సెకనుల ఎక్స్‌పోజరు పెట్టెను. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆనులో నుండుటచే, కెమెరా మొదటి బొమ్మ ముగియగానే షట్టరు మూసికొని, మరి 30 సెకనులు చీకటిని తీసి, ఆ చీకటిలోని నాయిసును మొదటి లెక్కనుండి తీసివేసి రా ఫైలునే సవరించును. సరిగా ఆ రెండవ ముప్పదిలో, నిలువెల్ల రంగుదీపములు కట్టిన లారీ యొకటి హారను మ్రోగించుచు మా ముందునుండి పోయినది. అతడు మీట నొక్కుచునే యుండెను. కెమెరా ఉలకలేదు, పలకలేదు. కారణము విన్న పిదప,

"లారీ పోయినాక, అది లేదని పంచనామా కూడా రాసుకుంటుందా బావా?" అని అడిగినాడు. ఆ కంఠమున కెమెరాపై అంతవరకు లేని గౌరవము ధ్వనించినది.