మనిషి అనే పాత మోడల్

గ్యుంటర్ అండర్స్ అనే జర్మన్ తత్వవేత్తను లోకం మరిచిపోయింది. మంచి పనే చేసింది. అలాంటివాణ్ణి గుర్తుపెట్టుకుంటే ఫోను చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ ఇబ్బందే. మరపులో కూడా లోకం ఎంతో శ్రద్ధ చూపింది. మనిషికి కాలం చెల్లిపోయిందని వాదించే అతని ప్రధాన గ్రంథం మొదటి సంపుటం 1956లో వచ్చింది, రెండోది 1980లో. అరవై ఏళ్లు దాటిపోయేదాకా ఆ మొదటి సంపుటం పూర్తిగా ఇంగ్లీషులోకి రాలేదు. నెలరోజుల్లో కోటీశ్వరుడు కావడమెలాగో చెప్పే పుస్తకమైతే అంతకాలం ఆగేదా?

1902లో బ్రెస్లావ్‌లో పుట్టాడు. తండ్రి విలియం స్టెర్న్ పేరున్న మనస్తత్వ శాస్త్రవేత్త. తెలివిని ఒక్క అంకెలో కుదించే ఐక్యూ లెక్కను 1912లో ప్రతిపాదించింది ఆయనే. తండ్రి మనిషికి అంకె వేశాడు. అంకెలు పడ్డ మనిషికి ఏ గతి పట్టబోతోందో కొడుకు చెప్పాడు. లోకం తండ్రి మాటే పట్టుకుంది. ఐక్యూ పేరు చెప్పి ఫీజు వసూలు చేయని కోచింగ్ సెంటర్ మన దగ్గరా అరుదే.

అండర్స్ యూదుడు. హిట్లర్ గద్దెనెక్కిన 1933లోనే ప్యారిస్ పారిపోయాడు. సరిగ్గా అదే ఏడాది అతని గురువు మార్టిన్ హైడెగర్ విశ్వవిద్యాలయానికి రెక్టరై కూర్చుని, నాజీ పార్టీలో చేరాడు. ఈనాడు సాంకేతికత మీద తాత్విక సదస్సు ఎక్కడ జరిగినా ముందు పూలదండ పడేది గురువుగారికే. అందులో న్యాయం లేకపోలేదు. అర్థంకాని హెచ్చరిక వల్ల ఏ కంపెనీకీ నష్టం ఉండదు, పీహెచ్‌డీలు మాత్రం బోలెడు పండుతాయి. శిష్యుడేమో 1936లో అమెరికా చేరి ఫ్యాక్టరీల్లో కూలిపని చేశాడు, హాలీవుడ్‌లో సినిమా దుస్తులూ సామానూ శుభ్రం చేశాడు. యంత్రాల గురించి యంత్రాల పక్కనే నిలబడి ఆలోచించాడు. ఆ తర్వాత ప్రొఫెసర్ కుర్చీ వేస్తామన్నా కూర్చోనన్నాడు. ఇన్ని అనర్హతలున్నవాడికి శిష్యగణం ఎక్కణ్ణుంచి వస్తుంది? రాజకీయ చింతకురాలు హన్నా అరెంట్ జీవితచరిత్రల్లో మొదటి భర్తగా రెండు పేజీలు దక్కాయి, అదే ఎక్కువ.

టీవీ గురించి అతను 1956లోనే అన్నమాట ఒకటుంది. దాని ముందు కూర్చున్నవాడు వినోదం పొందుతున్నాననుకుంటాడు గానీ నిజానికి పని చేస్తున్నాడట. గుంపులో ఇమిడిపోయే మనిషిగా తనను తాను తయారు చేసుకునే పని. కూలి లేదు, పైగా పనిముట్టు కూడా సొంత డబ్బుతో కొనుక్కోవాలి. ఎంత అన్యాయపు మాట! మనం అలా కాదు. మనం ఈఎంఐ మీద కొనుక్కుంటాం, నెలనెలా రీచార్జ్ చేయిస్తాం, రాత్రి రెండింటిదాకా బొటనవేలితో రీల్స్ తోస్తూ ఎక్కడ ఎన్ని క్షణాలు ఆగామో కంపెనీకి లెక్క అప్పజెప్పి, మర్నాడు నిద్ర చాలలేదని ఇంకో యాప్‌కు చెప్పుకుంటాం. మధ్యలో ఒక యంత్రం మనల్ని ఆపి, నువ్వు మనిషివేనని రుజువేమిటని అడుగుతుంది. ట్రాఫిక్ లైట్లున్న బొమ్మలన్నీ బుద్ధిగా ఏరి చూపించి, ప్రవేశం సంపాదిస్తాం.

కానీ అతను చేసిన అసలు నేరం ఇది కాదు. 1942 మార్చిలో కాలిఫోర్నియాలో ఒక యంత్ర ప్రదర్శనకు వెళ్లాడు. వెంట ఒక మిత్రుడున్నాడు. మెరిసే యంత్రాలు వరసగా పనిచేస్తుంటే ఆ మిత్రుడు మాట తగ్గించేసి, చివరికి తన రెండు చేతులూ వీపు వెనక దాచుకున్నాడట. అండర్స్ తన డైరీలో దీనికి ప్రొమీథియన్ సిగ్గు అని పేరు పెట్టాడు. లెక్క ప్రకారం తయారైన వస్తువు ముందు, ఏ లెక్కా లేకుండా తల్లి కడుపున పుట్టిన మనిషి పడే సిగ్గు అది. తప్పు చేసినందుకు కాదు, యంత్రం కానందుకు.

అతిశయోక్తి అన్నారు విమర్శకులు. అవును మరి, ఎవరైనా చేతులు చూసుకుని సిగ్గుపడతారా? అనుమానం ఉన్నవాళ్లు నెల మొదట్లో ఏదైనా రేషన్ షాపు దగ్గర కాసేపు నిలబడండి. ముప్ఫై ఏళ్లు బీడీలు చుట్టినదో, ఇళ్లల్లో గిన్నెలు తోమినదో, సిమెంటు తట్టలు మోసినదో ఒక అవ్వ వస్తుంది. ఈపాస్ మిషన్ మీద వేలు పెడుతుంది. పడదు. కొంగుతో తుడుచుకుని మళ్లీ పెడుతుంది. పడదు. ఇంకో వేలు, ఇంకో చెయ్యి. "సరిగ్గా పెట్టమ్మా" అంటాడు డీలరు. సరిగ్గా చదవమ్మా అని మిషన్‌తో మాత్రం ఎవరూ అనరు. వెనకున్న లైను గొణుగుతుంది. అవ్వ తన వేళ్లవంక తనే దోషిలా చూసుకుంటుంది. వేలి మీది గీతలే ఆ మిషన్‌కు అక్షరాలు. చాకిరీ ఆ గీతల్నే అరగదీస్తుంది, వయసు మిగతా పని పూర్తి చేస్తుంది. జీవితంలో పుల్ల తీసి పక్కన పెట్టనివాడి వేలిముద్ర మాత్రం అద్దంలా పడుతుంది. ఒళ్లు అరిగేలా పనిచేసినందుకు అనుమానితురాలయ్యే ఏర్పాటును మనం పారదర్శకత అని పిలుచుకుంటున్నాం.

వేలు పడకపోవడం చిన్న సమస్య. అసలు మనిషే పడకపోవచ్చు. తెలంగాణలో సమగ్ర వేదిక అనే ఏర్పాటు రకరకాల శాఖల సమాచారాన్ని కలిపి, పేరు పేరుతో, చిరునామా చిరునామాతో పోల్చి, ఎవడు పేదవాడో ఎవడు కాదో తేలుస్తుంది. రిక్షా తొక్కి బతికిన మనిషికి కారున్నట్టు తేల్చిన ఉదంతం పత్రికల్లోకి ఎక్కింది. రాష్ట్రంలో సుమారు 19 లక్షల రేషన్ కార్డులు పోయాయి. ఇంటికి వచ్చి చూడకుండా కంప్యూటర్ మాట మీద తీసేశారని కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రద్దయిన కార్డులన్నీ మళ్లీ మనుషులే వెళ్లి పరిశీలించాలని 2022లో కోర్టు చెప్పాల్సి వచ్చింది. అంతకుముందు తహసీల్దార్ ఆఫీసులో ఎవర్నడిగినా ఒకటే జవాబు: "మాదేం లేదు, సిస్టమ్‌లో అట్లా చూపిస్తోంది." తిట్టడానికి కూడా మనిషి దొరకడు. లంచం అడిగే గుమాస్తాకు కనీసం ఒక మొహం ఉండేది.

దీన్ని కూడా అండర్స్ వదల్లేదు. కొరియా యుద్ధకాలంలో అమెరికా జనరల్ మెకార్థర్ దూకుడు చూసి, ముందుకెళ్లాలో వద్దో తేల్చే పనిని ఒక విద్యుత్ మెదడుకు అప్పగించారన్న కథను తన పుస్తకంలో ఎక్కించాడు. ఆ యంత్రం సరైన జవాబే ఇచ్చిందనుకుందాం, అయినా అవమానం అవమానమే అన్నది అతని వాదన. లెక్కకు అందేవి మాత్రమే అందులో వేయగలం, మిగిలినవి ప్రశ్నలే కాకుండా పోతాయి. కథ నిజానిజాలెలా ఉన్నా దాని తోక మాత్రం చరిత్రే. 1951లో పదవి ఊడిన మెకార్థర్ 1952లో రెమింగ్‌టన్ రాండ్‌కు చైర్మనయ్యాడు. యునివాక్ కంప్యూటర్లు అమ్మింది ఆ కంపెనీయే.

మనిషి తయారు చేయగలిగినది, అతను ఊహించగలిగినదాన్ని ఎప్పుడో దాటిపోయిందన్నది అండర్స్ వాదన. ఒక్క అవ్వ పస్తు కళ్లకు కడుతుంది, 19 లక్షలంటే అది మీటింగులో ఒక స్లైడు. మన కాలపు మహానుభావులు ఈ అగాధాన్ని కూడా వ్యాపారంలోకి దించేశారు. శక్తిమంతమైన కృత్రిమ మేధ శిక్షణను కనీసం ఆరు నెలలు ఆపాలన్న బహిరంగ లేఖ మీద 2023 మార్చిలో ఎలాన్ మస్క్ సంతకం పెట్టాడు. జులైలో సొంత కృత్రిమ మేధ కంపెనీని ప్రకటించాడు. ఈ మధ్యలో, మే నెలలో, దీనివల్ల మానవజాతే అంతరించే ముప్పుందన్న ఏకవాక్య ప్రకటన మీద ఓపెన్‌ఏఐ అధిపతి శామ్ ఆల్ట్‌మన్ చేవ్రాలు చేసి, మళ్లీ దాన్ని తయారు చేసే పనిలోకి వెళ్లిపోయాడు. సిగరెట్ పెట్టె మీద హెచ్చరిక బొమ్మ కనీసం ప్రభుత్వం బలవంతం మీద వేస్తారు.

బాధపడినవాడికి ఏమవుతుందో కూడా అండర్స్‌కు తెలుసు. 1945 ఆగస్టు 6 ఉదయం హిరోషిమా మీద ఆకాశం అనుకూలంగా ఉందని కబురు పంపిన వాతావరణ విమానం పైలట్ క్లాడ్ ఈథర్లీ. ఆ కబురు అతన్ని బతకనివ్వలేదు, మానసిక చికిత్సాలయంలో తేలాడు. 1959లో అండర్స్ అతనికి ఉత్తరం రాశాడు, ఆ ఉత్తరప్రత్యుత్తరాలు 1961లో పుస్తకంగా వచ్చాయి. బాంబు వేసిన విమానం నడిపిన పాల్ టిబెట్స్ మాత్రం తనకు పశ్చాత్తాపం లేదని చివరిదాకా చెబుతూనే వచ్చాడు. ఆయన్ను ఎవరూ మానసిక చికిత్సాలయానికి పంపలేదు.

యంత్రాలు పగలగొట్టమని అండర్స్ అనలేదు. ఊహను సాగదీసే వ్యాయామం చేయమన్నాడు, మన చేతులు ఎంత దూరం పోతున్నాయో మనసు కూడా అంత దూరం పోయేదాకా. ఆ వ్యాయామానికి నాదొక చిన్న ప్రతిపాదన. ఈ ఏర్పాట్లు రాసిన ఇంజనీర్లకూ, సంతకాలు పెట్టిన కార్యదర్శులకూ, రిబ్బన్ కత్తిరించిన మంత్రులకూ ఇకపై జీతాలు బ్యాంకులో వేయొద్దు. ఊరి రేషన్ షాపులో, ఈపాస్ మిషన్ మీద వేలు పెట్టి తీసుకోవాలి. అంతకుముందు ఆరు నెలలు సిమెంటు తట్టలు మోసి రావడం తప్పనిసరి. మొదటి నెల లైనులో ముందు నిలబడిన కార్యదర్శిగారు వేలు పెడతారు. డీలరు తెరవంక చూసి, తల కూడా ఎత్తకుండా అంటాడు: "పడట్లేదు సార్. పక్కకు జరగండి, వెనకోళ్లు ఉన్నారు."