నాలుగు మీటర్ల చిరునామా

తెలుగు నేల మీద నాకు తెలిసి ఇబ్రహీంపట్నాలు మూడు. ఒకటి విజయవాడ పక్కన థర్మల్ కేంద్రం నీడలో, ఒకటి జగిత్యాల జిల్లాలో, మూడోది రంగారెడ్డి జిల్లాలో సాగర్ రోడ్డు మీదున్న మాది. కుతుబ్‌షాహీల కాలంలో ఊరికి ఇబ్రహీం పేరు పెట్టినవాళ్ళు ఆన్‌లైన్ ఆర్డర్ల సంగతి ఆలోచించలేదు. అందుకే మేం కొన్న మిక్సీ ఒక్కోసారి కృష్ణా ఒడ్డు దాకా వెళ్ళి, గాలి మార్చుకుని వస్తుంది.

ఈ తంటా కొత్తదేం కాదు. ఒకే పేరున్న ఊళ్ళు, ఒక్కో భాషలో ఒక్కో రాత, దారి తప్పే ఉత్తరాలు: ఇవి పడలేకే 1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ తెచ్చారు. రూపొందించిన శ్రీరామ్ భికాజీ వేలంకర్ సంస్కృత కవి కూడా. ఆయన ఆరంకెల్లో ముగించాడు. నేటి యాప్‌కు వీధి, ల్యాండ్‌మార్క్, లొకేషన్, ఓటీపీ అన్నీ అప్పజెప్పినా అనుమానం తీరదు.

దానికీ మందు వచ్చింది. తపాలా శాఖ, ఐఐటీ హైదరాబాద్, ఇస్రో వారి ఎన్‌ఆర్‌ఎస్‌సీ కలిసి చేసిన డిజిపిన్ 2025 మేలో విడుదలైంది. దేశాన్నంతా సుమారు నాలుగు మీటర్ల గళ్ళుగా కోసి, గడికో పది అక్షరాల కోడ్ ఇచ్చారు. ఆ లెక్కన మా హాలుకో చిరునామా, వంటింటికో చిరునామా. కొట్టంలో బర్రె తల ఒక చిరునామాలో, తోక ఇంకో చిరునామాలో పెట్టి పడుకుంటుంది. పెద్ద చెరువు నడిమధ్యకూ కోడ్ ఉంది, నీళ్ళున్నా లేకున్నా. మెచ్చుకోవాల్సిన పనే. కాకపోతే ఇందులో ఎత్తు లేదు. మంగల్‌పల్లి వైపు హాస్టళ్ళలో కింది గదికీ, దాని నెత్తి మీద నాలుగో అంతస్తు గదికీ ఒకటే కోడ్. బిర్యానీ ఎవరిదో మెట్ల మీద తేల్చుకోవాలి.

ఇంత జరిగాక ఫోన్ మోగుతుంది.

"అన్నా, పార్సిల్ వచ్చింది. లొకేషన్ చెరువుల చూపెడ్తుంది."

"చెరువుల కాదు తమ్మీ, కట్ట దిగినంక..."

"అదంత తెల్వదన్నా. జర బస్టాండ్ కాడికి రా. ఇంకా శానా పార్సిళ్ళున్నయ్."

పిల్లవాణ్ణి అనేదేముంది! పెట్రోలు వాడిది, టైము యాప్‌ది. హోం డెలివరీ అంటే హోమే నడిచి రావడమని మేమే సర్దుకున్నాం. సాయంత్రం బస్టాండ్ దగ్గర చూడాలి: లుంగీతో ఒకాయన, నైటీ మీద చున్నీ కప్పుకున్న ఒకావిడ, చంకలో బిడ్డతో ఇంకొకావిడ. దేశమంతా గళ్ళు గీసి పెడితే ఊరు ఊరంతా ఒకే గడిలో నిలబడి, ఒకరి ఓటీపీ ఒకరికి వినబడేలా అరుస్తోంది. ఎవరు చెప్పులు తెప్పించారో, ఎవరు జుట్టుకు నూనె తెప్పించారో దాపరికం లేదు. యాప్‌లో మాత్రం 'మీ గుమ్మంలో అందజేశాం' అని పడుతుంది.

మొన్న మా పోస్ట్‌మ్యాన్ ఒక కవరు తెచ్చాడు. దాని మీద ఇంటి నంబరు తప్పు, వీధి తప్పు, ఇంటిపేరులో ఒక అక్షరం గల్లంతు. నేరుగా మా గుమ్మం ముందే బండి ఆపి, "మీదే సార్" అని చేతిలో పెట్టాడు. ఇకమీదట ఉపయోగపడుతుందని నా డిజిపిన్ చెప్పబోయాను.

"పిన్ నంబర్లు గట్ల ఎవ్వరికీ చెప్పొద్దు సార్, పైసలు గుంజుతరు" అని మందలించి వెళ్ళాడు.