నా మీద రాసిన శాతం

నేను వైకల్య ధ్రువపత్రాన్ని. ప్రభుత్వాసుపత్రి మెడికల్ బోర్డు ముందు పుడతాను. రోడ్డు ప్రమాదంలో ఎముకలు విరిగిన మనిషికి ఆపరేషన్లు అయి, రాడ్డో ప్లేటో వేసి, నెలల తరబడి చికిత్స నడిచి, ఇక ఇంతకు మించి కోలుకోడని తేలాకే నాకు పుట్టుక. అప్పటికే ఎఫ్‌ఐఆర్, ఊండ్ సర్టిఫికెట్, డిశ్చార్జి సమ్మరీ, ఎక్స్‌రేలు, మందుల బిల్లులు అన్నీ పుట్టి ఉంటాయి. మోకాలు ఎంతవరకు వంగుతోంది, కాలు ఎంత పొట్టిదైంది, పిడికిలి బిగుస్తోందా లేదా అని కొలిచి డాక్టర్లు నా మీద ఒక శాతం వేసి, సంతకాలు పెట్టి, ముద్ర గుద్దుతారు. ఆ తర్వాత నా జీవితమంతా ఆ శాతం చుట్టూనే. పింఛను దగ్గర 40కి చేరిందా లేదా అన్నదే ప్రశ్న. మోటారు ప్రమాదాల నష్టపరిహార ట్రైబ్యునల్‌లో మాత్రం ఆ అంకె ఒక్కటే సరిపోదు. శరీరానికి ఎంత నష్టం జరిగిందో నేను చెప్పగలను. బతుకుతెరువుకు ఎంత నష్టం జరిగిందో చెప్పలేను. ఆ రెండో నష్టాన్ని సాక్ష్యంతో నిలబెట్టడానికే గాయపడినవాళ్లకు న్యాయసహాయం కావాలి. అదీ నేను పుట్టకముందే, ప్రమాదం జరిగిన తొలి వారాల్లోనే అందాలి.

ఈ తేడా నేను కల్పించింది కాదు. 2010లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో మా జాతి కాగితాలన్నిటికీ హద్దు గీసింది. ఎడమ చెయ్యి తెగిపోతే శరీర వైకల్యం సుమారు 60 శాతం అనుకుందాం. ఆ మనిషి డ్రైవరో వడ్రంగో అయితే సంపాదన నష్టం దాదాపు నూటికి నూరు, అదే ప్రభుత్వ కొలువులో గుమస్తా అయితే ఉద్యోగం పోకపోవచ్చు అని విడమరచింది. ఒక అవయవానికి కట్టిన శాతాన్ని ఒళ్లంతటికీ అంటగట్టకూడదని కూడా చెప్పింది. రూపాయల్లో చూస్తే ఇది ఎంత పెద్ద సంగతో తెలుస్తుంది. నెలకు 15,000 సంపాదించే 32 ఏళ్ల తాపీమేస్త్రి ఉన్నాడనుకోండి. ముందు ముందు పెరగాల్సిన సంపాదన కింద 40 శాతం కలిపితే నెలకు 21,000, ఏడాదికి 2,52,000. ఏడాది సంపాదనను హెచ్చించడానికి ఆ వయసుకు సుప్రీంకోర్టు 2009లో ఖాయం చేసిన గుణకం 16. అంటే పూర్తి సంపాదన నష్టం 40,32,000. నా మీద 30 శాతం అని ఉండి, దాన్నే సంపాదన నష్టంగా తీసుకుంటే వచ్చేది 12,09,600. మోకాలు వంగని మేస్త్రి పరంజా ఎక్కలేడు, గొంతుక్కూర్చుని పని చెయ్యలేడు, కనుక అతని పనిశక్తిలో 80 శాతం పోయిందని రుజువైతే 32,25,600. నడుమ ఉన్న ఇరవై లక్షల పైచిలుకు తేడా నా మీద ఎక్కడా రాసి ఉండదు. ఒక కుటుంబం పిల్లల్ని చదివించుకుంటుందా, అప్పుల పాలవుతుందా అన్నది ఆ తేడా మీదే ఆధారపడుతుంది.

దాన్ని రుజువు చెయ్యడం కొండను పిండి చెయ్యడమేమీ కాదు, కానీ దానికదే జరిగేదీ కాదు. మేస్త్రికి జీతం స్లిప్పు ఉండదు. పని ఇచ్చిన కాంట్రాక్టరో, పక్కన పని చేసినవాడో వచ్చి చెప్పాలి. ఎం.వి.ఓ.పి. (మోటారు ప్రమాద పరిహార పిటిషన్) నంబరు పడ్డ ఫైల్లో ఎఫ్‌ఐఆర్, ఛార్జిషీటు, ఊండ్ సర్టిఫికెట్‌ల తర్వాత నాకూ ఎగ్జిబిట్ నంబరు పడుతుంది. అయితే నా మాటకు బలం రావాలంటే చికిత్స చేసిన డాక్టరో, నా మీద శాతం వేసిన డాక్టరో బోనెక్కి, ఈ కాలితో ఈ మనిషి ఏ పని చెయ్యగలడో, ఏది చెయ్యలేడో చెప్పాలి. ఎదుటి పక్షాన బీమా కంపెనీ వకీలు ప్రశ్నలు సిద్ధం చేసుకుని ఉంటాడు. క్రిమినల్ కేసులో లాగా అనుమానానికి ఆస్కారమే లేకుండా నిరూపించనక్కర్లేదు, అలా జరిగి ఉండే అవకాశమే ఎక్కువని తేలితే చాలన్నది నిజమే. ఆ మాత్రం తేల్చడానికైనా కాగితం ఉండాలి, సాక్షి ఉండాలి. ఢీకొట్టిన బండి నంబరు మొదట్లోనే పోలీసు కాగితాల్లోకి ఎక్కకపోతే, ఆ బండి ఏదో చివరికీ తేలకపోతే, తీవ్రంగా గాయపడిన మనిషికి హిట్ అండ్ రన్ పథకం కింద దక్కేది 50,000 రూపాయలే. పైగా 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన మోటారు వాహనాల చట్ట సవరణ ప్రకారం ట్రైబ్యునల్‌లో పరిహార దరఖాస్తు ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు వెయ్యాలి. ఆ గడువును సుప్రీంకోర్టులో సవాలు చేశారు గానీ, ఆ ధీమాతో కూర్చోవడం క్షేమం కాదు. నేను పుట్టేసరికే ఆరు నెలలు దాటిపోవచ్చు. నా కోసం ఆగొద్దు, ముందు దరఖాస్తు వెయ్యండి, సర్టిఫికెట్ తర్వాత దాఖలు చేద్దాం అని చెప్పగల మనిషి ఆ ఇంటికి అప్పుడే కావాలి. పరిహారం మీద వడ్డీ కూడా దరఖాస్తు వేసిన నాటి కంటే ముందు నుంచి రాదు. ప్రమాదం ఎక్కడో దూరాన జరిగినా, తాము నివసించే చోటి ట్రైబ్యునల్‌లోనే దరఖాస్తు వేసుకోవచ్చన్న సంగతి కూలికి వలసపోయినవాళ్లకు తెలిస్తే ఎంత తిరుగుడు తప్పుతుందో!

లాయరు దగ్గరికి వెళ్తే వచ్చిందాంట్లో సగం ఆయనకే పోతుంది అన్న భయం ఊళ్లలో గట్టిగా ఉంది. అది ఉట్టి భయమని కొట్టిపారెయ్యను. కానీ గెలిచిన సొమ్ములో వాటా ఫీజుగా మాట్లాడుకోవడాన్ని బార్ కౌన్సిల్ నియమాలే నిషేధించాయి. తెలంగాణ నుంచి వెళ్లిన ఒక ప్రమాద పరిహారం ఫీజు వివాదంలో 2017లో సుప్రీంకోర్టు కూడా అలాంటి ఒప్పందం చెల్లదని చెప్పింది. కాబట్టి శాతం మాట్లాడేవారికి దణ్ణం పెట్టి లేచి రావచ్చు. అసలు డబ్బే లేదంటే 1987 నాటి న్యాయ సేవల చట్టం ఉంది. స్త్రీలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో పని లేకుండా, తక్కువ రాబడి ఉన్న మిగతావారికి ఒక పరిమితి మేరకు, ఉచితంగా లాయరును పెట్టాల్సిన బాధ్యత జిల్లా న్యాయ సేవాధికార సంస్థది. 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చెబుతారు. ఈ నంబరు ప్రతి ఎముకల వార్డు గోడ మీదా ఉండాలని నా కోరిక.

ఇంతకంటే బలమైన అభ్యంతరం ఒకటుంది. చట్టమే గాయపడినవాళ్ల వైపు ఉంది కదా, పోలీసులు పంపే ప్రమాద నివేదికనే ట్రైబ్యునల్ దరఖాస్తుగా తీసుకోవాలి, అడిగినదానికంటే ఎక్కువ కూడా ఇవ్వొచ్చు, మధ్యలో లాయరెందుకు అని. ఆ ఏర్పాట్లన్నీ మంచివే. కానీ పోలీసు నివేదిక ప్రమాదం ఎలా జరిగిందో చెబుతుంది. ఆ మేస్త్రి రోజూ ఎన్ని అంతస్తులు ఎక్కేవాడో చెప్పదు. ఫైల్లో లేనిదాన్ని జడ్జి ఊహించి రాయలేరు. ఇక పెద్దమనుషుల్లో రాజీ సంగతి. ఆసుపత్రి ఖర్చు పెట్టుకుంటాం, కేసు వద్దు అని బండి యజమాని అడగ్గానే తలూపే కుటుంబానికి, ఆ కాలు ఎంతవరకు బాగుపడుతుందో అప్పటికి తెలిసే వీలే లేదు. థర్డ్ పార్టీ బీమా చట్టప్రకారం తప్పనిసరి. బీమా ఉన్న బండి అయితే పరిహారం యజమాని జేబులోంచి రానక్కర్లేదన్న మాట కూడా ఆ పంచాయితీలో ఎవరూ ఎత్తరు. లోక్ అదాలత్‌లో రాజీ మంచి మార్గమే, త్వరగా డబ్బు చేతికొస్తుంది. అయితే అక్కడి అవార్డు మీద అప్పీలు లేదు. తన కేసు విలువెంతో ముందే తెలిసినవాడే అక్కడ సరైన అంకెకు ఒప్పుకోగలడు.

మాలో దొంగవాళ్లు ఉన్నారన్న మాటకు నేను తల వంచి జవాబు చెప్పాలి. అడిగినంత శాతం వేసిచ్చే సర్టిఫికెట్లను నమ్మవద్దని 2010 తీర్పే ట్రైబ్యునళ్లను హెచ్చరించింది. దానికి మందు గాయపడినవాళ్లందరినీ అనుమానించడం కాదు, నన్ను రాసిన డాక్టరును పిలిచి అడగడం. పిలిస్తే డాక్టర్లు రారు, వస్తే రోజంతా వరండాలో కూర్చోవాల్సి వస్తుందన్నది వాళ్ల బాధ. ఆ తీర్పే దానికీ దారి చూపింది: డాక్టరుకు వీలైన వేళ కనుక్కుని కమిషన్ ద్వారా (కోర్టు నియమించిన కమిషనర్‌తో) సాక్ష్యం నమోదు చెయ్యండి, కోర్టుకు వస్తే వెంటనే విచారించి పంపండి, ముందే సమయం ఇవ్వండి, ఎదుటివారికి అభ్యంతరం లేకుంటే ఒప్పుదలతో సర్టిఫికెట్‌కు ఎగ్జిబిట్ నంబరు వేసెయ్యండి అని. కమిషన్ కావాలని పిటిషన్ పెట్టడం లాయరుకు పెద్ద శ్రమ కాదు. మంచం మీదున్న మనిషికి మాత్రం అలాంటి పిటిషన్ ఒకటుంటుందనే తెలియదు.