150 గజాల నేల

నా వెడల్పు 30 అడుగులు, పొడవు 45 అడుగులు. నాలుగు మూలలా హద్దురాళ్లు, ఒకదాని మీద ఎర్ర రంగుతో ప్లాటు నంబరు. హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు దాటాక, ఒక చెరువు ఒడ్డున ఉన్నానని కాగితాల్లో రాశారు. నేను ఆ చెరువు లోపలి నేలను.

మా వైపు నాలాంటి నేలను శిఖం అంటారు. పట్టా ఉన్నా సరే, నీళ్లు తగ్గాక పంట వేసుకోవచ్చు గానీ ఇల్లు కట్టకూడదు. నా ఒండ్రులో దోసపాదులు ఎరువు అడగకుండా కాసేవి. వానాకాలం ఎగువ నుంచి ఉరికొచ్చే వరదను నా మీద పరుచుకుని, ఊరి మీద పడకుండా నిలిపేదాన్ని. ఆ రెండు పనులూ ఏళ్ల తరబడి బాగా చేశాను.

తర్వాత లారీలతో మొరం తెచ్చి నన్ను కప్పేశారు. ఎండాకాలం ఆదివారాల్లో వెంచర్ వాళ్లు బస్సుల్లో జనాన్ని తెచ్చి, టెంట్ల కింద భోజనాలు పెట్టారు. అలా వచ్చినవారే మా సారు. ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతారు. ఇంటావిడ బట్టలు కుడుతుంది. ఎత్తిన చిట్టీ డబ్బు, ఆమె గొలుసు కుదువపెట్టిన డబ్బు, అన్నీ నాలోనే పోశారు.

ఆయన అజాగ్రత్త మనిషి కాదు. ఈసీ, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, తీయించారు, లింకు డాక్యుమెంట్లు వకీలుకు చూపించారు. పేర్లన్నీ సరిపోయాయి. నన్ను ఎవరు ఎవరికి రాశారో, నా మీద తాకట్టు ఉందో లేదో ఈసీ చెబుతుంది. నేను ఎలాంటి నేలనో చెప్పదు. 1908 నాటి చట్టం కింద సబ్‌రిజిస్ట్రార్ నమోదు చేసేది దస్తావేజును. హక్కుకే అది పూచీ పడదు, ఇక ఇంటి అనుమతికి ఎక్కడ పడుతుంది? లేఅవుటుకు అనుమతి లేదని బ్యాంకు మాత్రం అప్పివ్వనంది. నా గురించి ఆయన చెవిన పడిన ఒకే ఒక్క నిజమైన హెచ్చరిక అది. వెంచర్ వాళ్లు వాయిదాలు ఇస్తామనేసరికి దాన్ని మరిచిపోయారు.

2020లో ప్రభుత్వం అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధం చేసే ఎల్‌ఆర్‌ఎస్ కింద దరఖాస్తులు పిలిస్తే 1,000 రూపాయలు కట్టి ఆశపడ్డారు. కానీ చెరువు నిండితే నీళ్లు ఎందాకా వస్తాయో చూపే గీత ఎఫ్‌టీఎల్. దాని లోపల ఉన్న నేలను క్రమబద్ధం చేయరు. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే ఆ గీత నుంచి ఇంకో 30 మీటర్లు, చిన్న కుంటైతే 9 మీటర్లు వదలాలి. నేను గీతకు లోపలే ఉన్నాను.

ఇప్పుడు నా మీద సర్కారు తుమ్మ, వయ్యారిభామ. రాత్రిపూట ఎవరో కూల్చిన ఇళ్ల ఇటుకముక్కలు, కోళ్ల దుకాణం చెత్త కుమ్మరించి పోతారు. మొరం గట్టిపడి దోసపాదు కూడా పట్టదు. సారు అప్పుడప్పుడు ఒక్కరే వచ్చి, హద్దురాయి పక్కన నిలబడి ఫోటో తీసుకుని వెళతారు. ఒక వానాకాలం ఆవిడనూ తీసుకొచ్చారు. నీళ్లు నిండి ఉన్నాయి. రోడ్డు మీదే నిలబడి, "మనది ఏది?" అని ఆమె అడిగింది. ఆయన చెయ్యెత్తి చూపలేకపోయారు. ఆయన మీద నాకు కోపం లేదు. నా చరిత్ర తెలిసీ ఎండల్లోనే నన్ను చూపించి అమ్మినవాళ్లను మాత్రం క్షమించలేను.

నేను ఒక్క రూపాయి అద్దె తేలేదు. అదే సొమ్ముకు ఆ రోజుల్లో ఆయన సొంత ఊళ్లో రెండు గదుల పాత ఇల్లు వచ్చేది. నల్లా, ఇంటిపన్ను రసీదు, నెలనెలా ఎంతో కొంత అద్దె ఉండేవి. చిన్న జీతంతో మొదటిసారి కొనేవాళ్లకు, రేపు ధర పెరుగుతుందన్న మాట కంటే ఆ అద్దే ఆసరా అని నా అభిప్రాయం.

నేలే కొనాలనుకుంటే ఆగస్టులో, గట్టి వాన పడిన మర్నాడు వెళ్లి చూడండి. నీళ్లు ఎందాకా వస్తాయో అక్కడ గొర్రెలు కాసేవాళ్లను అడగండి. సర్వే నంబరు పట్టుకుని ఎఫ్‌టీఎల్ పటం చూడండి. ఇవన్నీ బయానా ఇవ్వకముందే చేయండి.